ప్రమాదం డ్రైవరుది కావచ్చు, గాయం ఎవరిది?

రోడ్డు ప్రమాదం కేసు ఫైలులో రెండు వాక్యాలు దాదాపు ఎప్పుడూ మారవు. ఒకటి ఎఫ్‌ఐఆర్‌లో ఉంటుంది: డ్రైవరు బండిని అతివేగంగా, అజాగ్రత్తగా నడిపాడని. రెండోది మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు చివర ఉంటుంది: ప్రమాదం యాంత్రిక లోపం వల్ల జరిగింది కాదని. చౌటుప్పల్ దగ్గర జరిగినా, జడ్చర్ల చౌరస్తాలో జరిగినా, మిర్యాలగూడ బైపాస్ మీద జరిగినా ఆ రెండు వాక్యాలు అవే. వాటిని పక్కపక్కన పెట్టి చదివితే ఇక అడగాల్సింది ఏమీ లేదనిపిస్తుంది. బండి మంచిదే, నడిపినవాడే చెడ్డవాడు.

ఇందులో ఇన్‌స్పెక్టర్‌ను తప్పుపట్టాల్సింది లేదు. స్టేషను ఆవరణలోకి చేర్చిన నుజ్జయిన కారును ఆయన చూస్తాడు. బ్రేకు పెడల్ నొక్కితే పట్టు ఉందా, స్టీరింగు తిరుగుతోందా, టైర్లు అరిగాయా, లైట్లు వెలుగుతున్నాయా అని పరీక్షిస్తాడు. ఆయనను అడిగిన ప్రశ్న ఒక్కటే: బండిలో ఉన్నవి ఉన్నట్టు పనిచేస్తున్నాయా? అసలు వాటిని అలా తయారుచేయడం సరైనదేనా, బండిలో లేనిది ఏదైనా ఉండి ఉంటే మనిషి బతికేవాడా అని ఆయనను ఎవరూ అడగలేదు. ఆ ఫారంలో అందుకు గడి లేదు.

దేశం మొత్తం లెక్కలూ ఈ ఫారాల నుంచే పుడతాయి. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో 4,61,312 ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు. ఆ మరణాల్లో 71.2 శాతానికి కారణం అతివేగమని నివేదిక చెబుతుంది. తర్వాతి వరుసల్లో ఉన్నవి రాంగ్ రూట్, మద్యం, సెల్‌ఫోన్, సిగ్నల్ జంపింగ్. అన్నీ నడిపేవాడి తప్పులే. కంపెనీ తప్పును వెతకని చోట కంపెనీ తప్పు దొరకదు. పట్టికలో సున్నా ఉంటే అక్కడ ఏమీ లేదని అర్థం చేసుకోవడం పొరపాటు. చాలాసార్లు ఆ సున్నాకు అర్థం, ఎవరూ చూడలేదని.

అమెరికాలోనూ ఇలాంటి అంకె ఒకటి బాగా తిరిగింది. ప్రమాదాల్లో 94 శాతం డ్రైవరు పొరపాటు వల్లేనని అక్కడి రోడ్డు భద్రతా సంస్థ 2015లో ఒక నివేదికలో రాసింది. సదస్సుల్లో, ప్రకటనల్లో, మన పత్రికల్లో కూడా ఆ అంకె కనిపిస్తూనే ఉంటుంది. అదే నివేదికలో ఉన్న ఇంకో మాట మాత్రం దానితో పాటు ప్రయాణం చేయలేదు. ప్రమాదానికి దారితీసిన సంఘటనల వరుసలో ఆఖరిది ఏదో అంతవరకే ఆ అధ్యయనం గుర్తించింది. దాన్నే ప్రమాద కారణంగానో, తప్పు ఎవరిదో తేల్చే తీర్పుగానో చదవకూడదని నివేదికే స్పష్టంగా చెప్పింది. ఆఖరి క్షణంలో స్టీరింగు పట్టుకుని ఉండేది డ్రైవరే కాబట్టి ఆఖరి సంఘటన ఎప్పుడూ అతని ఖాతాలోనే పడుతుంది.

ఈ ప్రాంతంలో పాలెం పేరు చెబితే ఇంకేమీ వివరించనక్కర్లేదు. 2013 అక్టోబరు 30, దీపావళికి నాలుగు రోజుల ముందు. బెంగళూరు నుంచి హైదరాబాదు వస్తున్న ఏసీ బస్సు తెల్లవారుజామున, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా కొత్తకోట మండలం పాలెం దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి మీద కల్వర్టు గోడను ఢీకొంది. డీజిల్ ట్యాంకు పగిలి మంటలు లేచాయి. 45 మంది సజీవ దహనమయ్యారు. బయటపడింది కొద్దిమందే.

వేగం ఎంత, ఓవర్‌టేక్ ఎందుకు చేశాడు, డ్రైవరు మేలుకునే ఉన్నాడా అన్న ప్రశ్నలు ఆ రోజే వచ్చాయి. రావాల్సినవే. అయితే అవన్నీ కలిపి తేల్చేది ఒకటే, బస్సు కల్వర్టును ఎందుకు తాకిందని. 45 మంది ఎందుకు చనిపోయారన్నది వేరే ప్రశ్న. గోడ తగిలిన చోట ట్యాంకుకు రక్షణ ఎంత ఉంది? నిద్రలో ఉన్న మనిషి చీకట్లో, పొగలో, తెరుచుకోని అద్దాల మధ్య నుంచి ఎన్ని క్షణాల్లో బయటికి రాగలడు? ఉన్న ఒక్క తలుపు మంటల వైపే ఉంటే రెండో దారి ఎక్కడ? రోడ్డు పక్కకే వచ్చి నిలబడిన ఆ గోడ అక్కడ ఎందుకుంది? గోడ గురించిన ప్రశ్న రోడ్డు వేసినవాళ్లది, మిగిలినవి బస్సును గీసినవాళ్లవి, కట్టినవాళ్లవి, దానికి అనుమతి ఇచ్చినవాళ్లవి. డ్రైవరు ఎంత పెద్ద తప్పు చేసి ఉన్నా వీటిలో ఒక్కదానికీ అతను జవాబుదారీ కాడు.

పన్నెండేళ్ల తర్వాత, 2025 అక్టోబరు 24న, ఇదే రహదారి మీద ఎదురు దిశలో, హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్తున్న స్లీపర్ బస్సు కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద కాలిపోయింది. రోడ్డు మీద పడి ఉన్న బైకును బస్సు ఈడ్చుకుపోవడంతో మంటలు లేచాయి. 19 మంది ప్రయాణికులు చనిపోయారు. మొదటి తప్పు ఎవరిదన్నది ఈ రెండు ఘటనల్లో వేరువేరు. ఆ తర్వాత లోపల జరిగింది మాత్రం ఒకటే: మంట అంటుకున్న బస్సులోంచి మనుషులు బయటికి రాలేకపోయారు.

ప్రమాదానికి కారణం వేరు, గాయానికి కారణం వేరు అన్న ఈ విభజన కొత్తది కాదు. 1968లో అమెరికాలో ఒక ఫెడరల్ అప్పీలు కోర్టు జనరల్ మోటార్స్‌కు చెందిన కోర్వెయిర్ కారు విషయంలో దీన్ని స్థిరపరిచింది. ఎదురెదురుగా గుద్దుకున్నప్పుడు ఆ కారు స్టీరింగు రాడ్డు వెనక్కి పొడుచుకొచ్చి డ్రైవరు తలకు తగిలింది. కారును గుద్దుకోవడానికి తయారుచేయలేదు గదా, మాకేం సంబంధమని కంపెనీ వాదించింది. కార్లు గుద్దుకోవడం ఎవరూ కోరుకోకపోయినా అందరికీ తెలిసిన సంగతే కాబట్టి, గుద్దుకున్నప్పుడు లోపలి మనిషికి అనవసరంగా గాయం కాకుండా చూడటం తయారీదారు బాధ్యతేనని కోర్టు చెప్పింది. ఇంజనీర్లు దీన్నే రెండో తాకిడి అంటారు. కారు చెట్టుకు తగలడం మొదటి తాకిడి. ఆ వెంటనే మనిషి కారు లోపలి భాగానికి తగలడం రెండోది. మొదటిది ఆపడం చాలావరకు డ్రైవరు చేతిలో ఉంటుంది. రెండోది అతని చేతిలో ఉండదు, సీటు బెల్టు పెట్టుకోవడం ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటీ ఎంత పెద్దదో నల్లగొండ జిల్లాకు బాగా తెలుసు. 2018 ఆగస్టు 29న అన్నెపర్తి దగ్గర నందమూరి హరికృష్ణ స్వయంగా నడుపుతున్న కారు అదుపు తప్పింది. బెల్టు పెట్టుకోకపోవడంతో ఆయన బయటికి విసిరేసినట్టు పడ్డారని పోలీసులు చెప్పారు. ఎయిర్‌బ్యాగ్ ఉంది గదా, బెల్టు ఎందుకని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కారు గుద్దుకున్నాక ఎయిర్‌బ్యాగ్ విచ్చుకోవడానికి పట్టేది రెప్పపాటులో చిన్న ముక్క. ఆ ముక్కలో మనిషిని సీటుకు అంటిపెట్టి ఉంచేది బెల్టే. బెల్టు లేని మనిషి ఇంకా విచ్చుకుంటున్న బ్యాగు మీదికి వెళ్లి పడతాడు, లేదా దాని పక్క నుంచి జారిపోతాడు. బెల్టును లెక్కలో పెట్టుకునే బ్యాగును గీశారు.

ఇక డ్రైవరు తప్పు అనుకున్నది కంపెనీ తప్పుగా తేలడానికి ఎంతకాలం పడుతుందో చూడాలంటే టెక్సాస్‌లోని ఒక మహిళ కథ తెలియాలి. 2004 నవంబరులో ఆమె నడుపుతున్న కారు ఉన్నట్టుండి రోడ్డు దిగి చెట్టును ఢీకొంది. పక్కన కూర్చున్న ఆమె ప్రియుడు చనిపోయాడు. బ్రేకు వేసిన గుర్తులు లేవు. రక్తంలో ఒక మందు ఆనవాళ్లు కొద్దిగా కనిపించాయి. ఇంకేముంది, తప్పు ఆమెదే అయింది. నిర్లక్ష్యంతో ప్రాణం తీసినట్టు 2007లో ఆమె కోర్టులో ఒప్పుకుంది. పదేళ్ల పాటు తనవాణ్ని తానే చంపుకున్నానన్న బరువుతో బతికింది.

ఆ కారు జనరల్ మోటార్స్‌ది. అందులోని ఇగ్నిషన్ స్విచ్‌లో ఒక చిన్న భాగం ఉండాల్సినంత గట్టిగా లేదు. తాళాల గుత్తి బరువుకో, మోకాలు తగిలో, గతుకులో కుదుపుకో తాళం చెవి తనంతట తాను ఒక మెట్టు వెనక్కి తిరిగేది. వెంటనే ఇంజన్ ఆగేది. పవర్ స్టీరింగు బిగుసుకునేది. బ్రేకు రాయిలా గట్టిపడేది. అన్నిటికన్నా ఘోరం, ఎయిర్‌బ్యాగులకు కరెంటు ఆగిపోయేది. అంటే కారును ప్రమాదంలోకి నెట్టిన లోపమే ఆ ప్రమాదంలో కాపాడాల్సిన దాన్ని కూడా నిద్రపుచ్చేది. తర్వాత వచ్చే పోలీసుకు కనిపించేది మాత్రం బ్రేకు గుర్తులు లేని రోడ్డు, విచ్చుకోని బ్యాగు, మాట్లాడలేని డ్రైవరు.

ఇది బయటపడిన తీరు మనకు బాగా పనికొస్తుంది. జార్జియా రాష్ట్రంలో ఇలాంటి కారులోనే కూతురిని పోగొట్టుకున్న తల్లిదండ్రులు పోలీసు రిపోర్టును నమ్మలేదు. వాళ్ల తరఫున పనిచేసిన ఇంజనీరు పాత స్విచ్‌ను విప్పి, దుకాణంలో కొత్తగా కొన్న స్విచ్‌తో పోల్చాడు. పైన ముద్రించిన పార్టు నంబరు ఒకటే. లోపలి భాగాలు వేరు. 2006లో కంపెనీ మనుషులు లోపాన్ని సరిచేసి, నంబరు మార్చకుండా వదిలేశారని తేలింది. 2014లో దాదాపు 26 లక్షల కార్లను మరమ్మతుకు వెనక్కి పిలిచారు. ఈ లోపం వల్ల 124 మంది చనిపోయినట్టు నష్టపరిహార నిధి గుర్తించింది. 2015లో 90 కోట్ల డాలర్లు కట్టడానికి కంపెనీ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. టెక్సాస్ మహిళ శిక్ష 2014 నవంబరులో రద్దయింది.

మన దగ్గర కారు తాళానికి యాదగిరిగుట్ట కీచైన్, ఇంటి తాళాలు, దుకాణం షట్టరు తాళం అన్నీ కలిపి వేలాడదీయని వాళ్లు ఎంతమంది ఉంటారు? దాన్ని డ్రైవరు తప్పు అనడానికి మనసొప్పదు. మనిషి సహజంగా ఏం చేస్తాడో ఊహించి గీయడం డిజైన్ చేసేవాడి పని. తాళం పెట్టే చోటు గీసినవాడికి గుత్తి వేలాడుతుందని తెలిసి ఉండాలి.

అవతలి వైపు కూడా నిజాయితీగా చూడాలి. 1980లలో ఆడి 5000 కారు దానంతట అదే దూసుకుపోతోందని అమెరికాలో గగ్గోలు పుట్టింది. బ్రేకు నొక్కినా ఆగలేదని యజమానులు ప్రమాణం చేసి చెప్పారు. టీవీల్లో కార్యక్రమాలు వచ్చాయి. అమ్మకాలు కుప్పకూలాయి. 1989లో ప్రభుత్వ దర్యాప్తు తేల్చింది వేరు. ఎక్కువ కేసుల్లో డ్రైవర్లు బ్రేకు అనుకుని యాక్సిలరేటరు నొక్కారు. కారు ముందుకు దూకగానే కంగారులో ఇంకా గట్టిగా తొక్కారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు, తమ కాలు బ్రేకు మీదే ఉందని నిజంగా నమ్మారు. చేయని తప్పుకు కంపెనీ ఏళ్ల తరబడి దెబ్బతింది.

కథ అక్కడితో ఆగి ఉంటే అది డ్రైవర్ల తప్పుల జాబితాలో ఇంకో వరుస మాత్రమే అయ్యేది. కానీ ఆడి ఒక పని చేసింది. బ్రేకు నొక్కి ఉంచితే తప్ప పార్కింగ్ నుంచి గేరు కదలకుండా ఒక చిన్న లాకు పెట్టింది. ఇప్పుడు ఆటోమేటిక్ కార్లన్నిటిలో మామూలుగా కనిపించే ఏర్పాటు అదే. తప్పు మనిషిదే అయినా మందు యంత్రంలో దొరికింది. నల్లగొండ, మహబూబ్‌నగర్ షోరూమ్‌లలో ఆటోమేటిక్ గేరు కార్లు తీసుకునేవాళ్లు పెరుగుతున్నారు. ముప్పై ఏళ్లు క్లచ్ తొక్కిన ఎడమ కాలు అలవాటు కొద్దీ ఏదో ఒకటి తొక్కాలని చూస్తుంది. ఇంటి గేటు ముందు, బజారులో, పిల్లలు ఆడుకునే వాకిట్లో జరిగే ఇలాంటి ప్రమాదాలను "కొత్త డ్రైవరు" అన్న ఒక్క మాటతో కొట్టిపారేయడం సులువు. లక్షల మంది ఒకే తీరుగా పొరపాటు పడుతున్నారంటే ఆ పొరపాటు యంత్రం నిర్మాణంలో ఎక్కడో మొదలవుతోందని అనుమానించాలి.

మన దేశపు కార్ల విషయంలో దీనికి అతి స్పష్టమైన రుజువు 2014 జనవరిలో దొరికింది. కార్లను గుద్దించి చూసి, భద్రతకు స్టార్లు ఇచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఇక్కడ బాగా అమ్ముడుపోతున్న ఐదు చిన్న కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గోడకు గుద్దించింది. లోపలి పెద్దల రక్షణలో ఐదింటికీ వచ్చింది సున్నా. వాటిలో ఫోక్స్‌వ్యాగన్ పోలో కూడా ఉంది. అదే పోలోను రెండు ఎయిర్‌బ్యాగులు పెట్టి గుద్దిస్తే నాలుగు స్టార్లు వచ్చాయి. కారు అదే, వేగం అదే. చివరి క్షణంలో నిద్రమత్తుతో కళ్లు మూసుకున్న డ్రైవరు ఒకడే అనుకుందాం. ఒక వేరియంట్‌లో బతుకుతాడు, ఇంకో వేరియంట్‌లో చనిపోవచ్చు. ఈ తేడా డ్రైవింగ్‌లో లేదు, ధరల పట్టికలో ఉంది. బ్యాగులు లేని పోలోను కంపెనీ ఆ తర్వాత ఇక్కడ ఆపేసింది.

డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగ్ 2019 జులై నుంచి, ముందు సీటులో రెండోవైపు ఎయిర్‌బ్యాగ్ 2022 జనవరి నుంచి అన్ని కార్లకు తప్పనిసరి అయ్యాయి. సొంతంగా స్టార్లు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరులో మొదలైంది. మంచిదే. అయితే నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరో, మహబూబ్‌నగర్ బస్టాండు బయటో కిరాయికి నిలబడే కార్లలో అంతకు ముందువి ఇంకా చాలానే ఉంటాయి. సెకండ్ హ్యాండ్‌లో కొనే కుటుంబం రంగు చూస్తుంది, ఏసీ చూస్తుంది, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూస్తుంది. బ్యాగులు ఎన్ని అని అడిగేవాళ్లు తక్కువ. ఇంకో సంగతి, ఆ పరీక్షలు 64 కిలోమీటర్ల వేగానికి. నాలుగు వరసల రహదారి మీద కారుకు అనుమతించిన వేగం 100. 80 నుంచి 100కు వెళ్తే వేగం పెరిగేది పాతిక శాతమే, గుద్దినప్పుడు మీద పడే శక్తి పెరిగేది 56 శాతం. ఐదు స్టార్లు ఉన్నాయని 120లో వెళ్లేవాడు తన కారును ఎవరూ పరీక్షించని చోటుకు తీసుకెళ్తున్నాడు. అక్కడ బాధ్యత మళ్లీ అతనిదే.

చట్టం ఏమంటోంది? కాగితం మీద చాలానే ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 110ఏ సెక్షన్ ప్రకారం, ప్రమాదకరమైన లోపమున్న వాహనాలను వెనక్కి పిలవమని కంపెనీని కేంద్రం ఆదేశించవచ్చు. అందుకు తగిన నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటి కింద జరిమానా కోటి రూపాయల దాకా ఉంటుంది. చట్టంలోని నిర్మాణ ప్రమాణాలను పాటించని తయారీదారుకు 182ఏ కింద 100 కోట్ల దాకా జరిమానా వేయవచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఇంకా సూటిగా ఉంది. లోపభూయిష్టమైన డిజైన్, తయారీలో తేడా, సరైన హెచ్చరిక ఇవ్వకపోవడం, వీటిలో ఏదైనా హాని కలిగిస్తే తయారీదారు పరిహారం కట్టాలి. కేసు వేయడానికి కంపెనీ ఉన్న చెన్నైకో, గురుగ్రామ్‌కో వెళ్లక్కర్లేదు. ఫిర్యాదుదారు నివసించే జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. గడువు రెండేళ్లు.

సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన తీర్పు ఒకటి ఈ ప్రాంతంలో ప్రతి కారు యజమానీ గుర్తుంచుకోదగింది. 2017 నవంబరులో ఢిల్లీ-పానిపట్ రహదారి మీద ఒక హ్యుందయ్ క్రెటా ప్రమాదానికి గురైంది. ఎయిర్‌బ్యాగులు విచ్చుకోలేదు. అవి విచ్చుకునేంత బలంగా దెబ్బ తగల్లేదని కంపెనీ వాదన. కారు కొనే మనిషి వేగం, బలం లెక్కలు కట్టే నిపుణుడు కాడని, ముందు నుంచి గుద్దుకుంటే బ్యాగులు విచ్చుకుంటాయన్న నమ్మకంతోనే కొంటాడని కోర్టు చెప్పింది. 3 లక్షల రూపాయల పరిహారంతో పాటు కారు మార్చి ఇవ్వాలన్న ఆదేశాన్ని ఖాయం చేసింది. డ్రైవరు ఎలా నడిపాడన్న ప్రశ్నను పక్కన ఉంచి, రెండో తాకిడి మీదే చూపు నిలిపిన తీర్పు ఇది.

మరి ఇన్ని ఉన్నా మన జిల్లా కోర్టుల్లో కంపెనీ ఎందుకు కనిపించదు? కేసు నడిచే దారి అలాంటిది. చనిపోయినవారి కుటుంబం ప్రమాద క్లెయిముల ట్రిబ్యునల్‌లో ఓపీ, అంటే పరిహారం కోరే పిటిషన్ వేస్తుంది. ఎదురు పార్టీలు ముగ్గురు: డ్రైవరు, బండి యజమాని, ఇన్సూరెన్స్ కంపెనీ. డ్రైవరు నిర్లక్ష్యం రుజువైతేనే పూర్తి పరిహారం వస్తుంది కాబట్టి కుటుంబం తరఫు లాయరు కూడా నిర్లక్ష్యం మీదే పట్టుబడతాడు. పోలీసు కేసు భారతీయ న్యాయ సంహిత 106(1), 281 కింద వేరే గదిలో నడుస్తుంది. అదీ డ్రైవరు మీదే. అందరి అవసరాలూ ఒకే మనిషి దగ్గర కలుస్తున్నాయి. ఆ గదుల్లో తయారీదారుకు కుర్చీయే లేదు. కుటుంబానికి డబ్బు అందగానే ఫైలు మూసుకుంటుంది. కారును అలా ఎందుకు కట్టారన్న ప్రశ్న పుట్టకుండానే పోతుంది. పేదవాళ్లకు త్వరగా పరిహారం అందాలన్న మంచి ఉద్దేశంతో పెట్టిన దారి అది. దాన్ని తప్పుపట్టడం కష్టం. కానీ ఆ దారిలో వెళ్లినంతకాలం ఎవరూ నేర్చుకునేది ఏమీ ఉండదు.

వెనక్కి పిలిచే విధానంలోనూ ఊరికి వచ్చేసరికి గండి పడుతుంది. ఉత్తరం వెళ్లేది కంపెనీ దగ్గరున్న చిరునామాకు. హైదరాబాదులో కొన్న కారు మూడు చేతులు మారి దేవరకొండకో, అచ్చంపేటకో చేరి ఉంటుంది. ఊళ్లోని మెకానిక్ దగ్గరే సర్వీసు. ఆర్‌సీ ఇంకా పాతవాడి పేరు మీదే. తకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల్లో వాడిన అమ్మోనియం నైట్రేటు ఏళ్ల తరబడి వేడికీ తేమకూ గురైతే చెడిపోయి, బ్యాగు విచ్చుకునేటప్పుడు ఇనుప ముక్కలు మనిషి మీదికి చిమ్మింది. ప్రపంచమంతటా కోట్ల కార్లను వెనక్కి పిలిచారు. భారత్‌లో అమ్మిన కార్లు కూడా వాటిలో ఉన్నాయి. ఎండాకాలంలో 44 డిగ్రీలు దాటే చోట, ఆరుబయట నిలిపిన పాత కారు యజమాని తన ఛాసిస్ నంబరును కంపెనీ వెబ్‌సైటులో ఒకసారి కొట్టి చూసుకోవడం అత్యవసరం.

వేడి అంటే టైర్లు. మే నెలలో 44వ నంబరు రహదారి మీదో 65వ నంబరు రహదారి మీదో టైరు పేలి కారు డివైడరు దాటితే పేపర్లో "ప్రమాదవశాత్తు" అని వస్తుంది. 2023లో బొంబాయి హైకోర్టు ఇలాంటి కేసులో టైరు పేలడం దైవఘటన కాదని, మనిషి నిర్లక్ష్యమేనని చెప్పింది. ఏ మనిషి అన్నదే చిక్కు. 2000కు అటూఇటూగా అమెరికాలో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకు వేసిన ఫైర్‌స్టోన్ టైర్ల పైపొర ఊడిపోయి, బండ్లు పల్టీలు కొట్టి, 200 మందికి పైగా చనిపోయారు. 2000లో దాదాపు 65 లక్షల టైర్లను వెనక్కి తీసుకున్నారు. టైరు నాసిరకమని ఫోర్డ్ అంది. బండి పల్టీ కొట్టేలా ఉందని, అందులో 26 పౌండ్ల గాలి చాలని ఫోర్డే చెప్పిందని, 30 ఉండాలని ఫైర్‌స్టోన్ అంది. గాలి చూసుకోని యజమానుల వైపు కూడా వేళ్లు చూపాయి. నిజానికి తక్కువ గాలి, ఎక్కువ వేడి, ఎక్కువ బరువు, టైరు పొరల మధ్య బలహీనమైన అంటు, ఎత్తయిన బండి, ఇవన్నీ కలిస్తేనే ఆ చావులు. ఒకరి మీద పెట్టి మిగిలినవారు చేతులు కడుక్కునే వీలు ఎక్కడా లేదు.

యజమానులు చేసుకునే చేటు కూడా చిన్నది కాదు. సీటు బెల్టు మోత భరించలేక ఖాళీ క్లిప్పు కొని దూర్చేవాళ్లు ఎందరో. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఐదు ఆన్‌లైన్ అమ్మకపు సంస్థల నుంచి ఇలాంటి క్లిప్పుల 13,118 లిస్టింగులను తీయించింది. ముందు ఇనుప బంపర్ గార్డు బిగిస్తే ఎయిర్‌బ్యాగ్ సెన్సర్‌కు అందాల్సిన దెబ్బ తీరు మారిపోతుంది. సీటు పక్క బ్యాగు మీద మందపాటి కవరు కుట్టిస్తే అది చీల్చుకుని రాలేదు. బండిని మార్చుకుంటే అమ్మినవాడి మీద దావా నిలవదని, తాగి నడిపితే సరైన హెచ్చరిక ఇవ్వలేదన్న దావా తయారీదారు మీద నిలవదని చట్టమే చెబుతోంది. అంటే వెయ్యి రూపాయల గార్డు లక్షల రూపాయల హక్కును తినేయగలదు.

చివరగా, తయారీదారు అంటే చెన్నై, పుణే కంపెనీలే అనుకోకూడదు. రాత్రిపూట దాబా ముందు ఆగి ఉన్న లారీని వెనక నుంచి కారు ఢీకొట్టిందన్న వార్త నార్కట్‌పల్లి నుంచి కోదాడ దాకా పాతబడిపోయింది. అక్కడ కారు బానెట్టు లారీ కిందికి దూరిపోతుంది. నలిగి దెబ్బను మింగాల్సిన ముందు భాగానికి ఏమీ తగలదు. తగిలేది నేరుగా అద్దానికి, తలకు. ఐదు స్టార్ల కారు అయినా ఒకటే. దాన్ని ఆపాల్సింది లారీ వెనక కింద అడ్డంగా ఉండాల్సిన గట్టి ఇనుప గార్డు. నిబంధనల్లో అది ఉంది. బాడీ కట్టే షెడ్డులో మొక్కుబడిగా అతికించిన సన్నని పైపు మొదటి దెబ్బకే వంగిపోతుంది. వరి కోతల్లో రోడ్డెక్కే ట్రాక్టరు ట్రాలీ కూడా ఎక్కడో వెల్డింగు దుకాణంలోనే పుట్టింది. వెనక లైటు లేదు, రిఫ్లెక్టరు లేదు. దాన్ని గుద్దినవాడి మీద అతివేగం కేసు పడుతుంది. ట్రాలీ చేసినవాడి పేరు ఎవరూ అడగరు.

అడగాలనుకున్న కుటుంబానికి సాక్ష్యం ఎక్కడ ఉంటుంది? ఎయిర్‌బ్యాగులున్న ఆధునిక కార్లు చాలావాటిలో, గేరు రాడ్డు దగ్గరో ముందు డాష్‌బోర్డు కిందో అరచేతిలో పట్టేంత పెట్టె ఒకటి ఉంటుంది. బ్యాగు విచ్చుకోవాలా వద్దా అని నిర్ణయించేది అదే. అమెరికా నిబంధనల ప్రకారం చేసినదైతే గుద్దుకోవడానికి ముందు ఐదు సెకన్లలో వేగం ఎంత, యాక్సిలరేటరు మీద కాలు ఉందా, బ్రేకు నొక్కారా, డ్రైవరు బెల్టు పెట్టుకున్నాడా అన్నది అందులో నమోదవుతుంది. ఐరోపాలో 2024 జులై నుంచి ప్రతి కొత్త కారుకూ ఇది తప్పనిసరి. ఇక్కడ దాన్ని తీసి చదవమని ఏ ఫారమూ చెప్పదు. కారును పరీక్షకు పంపే అధికారం వినియోగదారుల కమిషన్‌కు ఉంది, కారు ఇంకా ఉంటే. సాధారణంగా పంచనామా అయ్యాక అది స్టేషను ప్రహరీ పక్కన వేపచెట్టు కింద ఎండకు ఎండి, వానకు తడుస్తుంది. ఇన్సూరెన్స్ లెక్క తేలాక ఒకరోజు తూకానికి పాత ఇనుపవాడి దగ్గరికి వెళ్తుంది. ఆ ఐదు సెకన్లు ఆ ఇనుములోనే ఉంటాయి.